పసుపంటిన అట్టముక్క

పోయినసారి నేను స్టూలు మీద నిలబడి ఉండగా కథ ఆపాను కదా, దిగేముందు సంగతులు ఒకసారి కూడదీసుకుందాం.

అది ఢిల్లీ ద్వారకాలో ఎనిమిదో అంతస్తు ఫ్లాటు. నాగభూషణం గారిది. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యారు. హాల్లో గోడ నిండా గడియారాలే. అన్నీ యాభైలు, అరవైలనాటివి, డిజైనర్లు గీసినవి. ఒక్కటీ నడవదు. నడిస్తే లోపలి చక్రాలు అరుగుతాయని ఆయన సిద్ధాంతం. గుర్గావ్‌లో తయారవుతున్న ఒక హోటల్‌కి ఆ గోడంతా అమ్మిపెట్టమని నన్ను పిలిచారు. కటవారియా సరాయ్‌లో నాది పాత వస్తువుల దుకాణం. ఒక్కో గడియారాన్నీ దించి అసలుదో నకిలీదో తేల్చడం, హోటల్‌వాళ్ళకి నా మాటగా చెప్పడం నా పని. ఆ మాట మీదే నా అంగడి నడుస్తోంది.

నడిమి వరసలో ఉన్న సూర్యుణ్ణి దించాను. మధ్యలో టేకు చక్రం, చుట్టూ ఇత్తడి కిరణాలు, అంకెలు లేని ముఖం. అలవాటుగా కిరణాల మీద అయస్కాంతం జరిపాను. ఇత్తడికి అయస్కాంతం అంటదు. ఒక్క కిరణానికి మాత్రం టక్కున అంటుకుంది.

అది కిరణం కాదు. బంగారు రంగు పూసిన స్టీలు అల్లికసూది.

ఇల్లు మారేటప్పుడు ఒక కిరణం ఊడిపోతే దాని చోట తన అల్లికసూది దిగ్గొట్టిన మనిషి నాకు తెలుసు. పేరు సరళకుమారి. నర్సుగా చేసి రిటైరై బేర్ సరాయ్‌లో ఉంటుంది. ఆమె భర్త యేసుదానం గారు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేవారు. స్వదేశానికి తిరిగి వెళ్ళిపోతూ ఒక జర్మన్ డాక్టరు ఆయనకిచ్చిన గడియారం అది. చిక్కల్లా ఎక్కడంటే, సరళక్క గడియారం సరళక్క ఇంట్లోనే ఉంది. పోయిన ఆదివారం దాని కిందే కూర్చుని చేపల పులుసు తిన్నాను.

స్టూలు దిగాను.

నాగభూషణం గారు టీపాయ్ దగ్గర కూర్చుని ఒక చిన్న గడియారం అంచుల్లో దుమ్ము తీస్తున్నారు. దుమ్ము తియ్యడానికి ఆయన దగ్గరొక పనిముట్టుంది. వచ్చిన పెళ్ళికార్డులు ఏవీ పారెయ్యకుండా సన్నగా పొడుగ్గా కత్తిరించి స్టీలు గ్లాసులో నిలబెడతారు. గుడ్డ దూరని సందుల్లోకి ఆ అట్టముక్క దూరుతుంది. గీత పడదు. నేర్చుకోదగ్గ పనే అనుకుని నేనూ మా దుకాణంలో మొదలుపెట్టాను. కిటికీ పక్కన తాయారమ్మ గారు, ఆయన భార్య, ఒళ్ళో చేట పెట్టుకుని బఠానీలు వలుస్తున్నారు.

"సార్, ఇది ఎక్కడ కొన్నారు?" అన్నాను.

"అదా? ఓల్డ్ పీస్. బ్యూటీ కదూ? అంకెలు లేవు చూడు. టైము చూడ్డానికి అంకెలు అక్కర్లేదు, ముళ్ళ వాలు చాలునని నమ్మినవాళ్ళు గీసిన బొమ్మ. ముళ్ళు పట్టుకో, ఎంత తేలిగ్గా ఉంటాయో."

"అందం గురించి తర్వాత. ఎక్కడ కొన్నారు?"

"సోర్స్ ఎందుకమ్మా నీకు? జెన్యూన్ అవునా కాదా, అంతవరకే నీ పని."

"జెన్యూనే. సరళకుమారి గారి గోడ మీదున్నదే జెన్యూన్ కాదు."

బఠానీ కాయ చిట్లిన చప్పుడు ఆగింది. నాగభూషణం గారు చేతిలోని అట్టముక్కను గ్లాసులో పెట్టారు, పని పూర్తయినట్టు. ముఖంలో గాబరా లేదు. ఫైలు మీద అభ్యంతరం వచ్చినప్పుడు ఆఫీసర్లు పెట్టే ముఖం ఒకటుంది. అది పెట్టారు.

"కూర్చో సుభాషిణీ. టీ తాగు, చల్లారిపోతోంది. నువ్వు వ్యాపారస్తురాలివి కాబట్టి నీకు అర్థమవుతుంది. ఆవిడ గడియారం ఆగిపోయింది. ఆయన పోయాక చర్చివాళ్ళు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారే, ఆ రోజునే. ఆగిన గడియారం ఇంట్లో ఉండకూడదమ్మా, నేను బాగుచేయించి తెస్తానన్నాను. తెచ్చాను. నడుస్తోందా లేదా?"

"నడుస్తోంది."

"సెకను తప్పకుండా నడుస్తోంది. కీర్తినగర్‌లో మంచి వడ్రంగి చేత చేయించాను, లోపల కొత్త మిషను. ఆవిడకి కావలసింది టైము, నాకు కావలసింది వస్తువు. ఎవరికి కావలసింది వాళ్ళకి దక్కింది. ఇందులో నష్టపోయిందెవరో చెప్పు."

నేను జవాబు వెతుక్కోవలసి వచ్చింది, అదీ నాకు రోత పుట్టించిన మొదటి సంగతి. ఎందుకంటే ఇలాంటి మాటలు నేనూ మాట్లాడతాను. బేరంలో నాది మెత్తని నాలుక కాదు. చిలుమును వయసు అంటాను, పగులును గుర్తు అంటాను. కొనేవాడు ఆ మాటలకి తల ఊపుతూనే వస్తువును తిరగేసి చూసుకుంటాడు. ఇద్దరమూ మెలకువగానే ఉంటాం. సరళక్క మెలకువగా లేదు. భర్తను పూడ్చిపెట్టి వచ్చి, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందిస్తోంది.

"ఆమె అనుకుంటోంది, మీరు ఎంతో మంచివారని. రిపేరు చేయించడమే కాకుండా తన సూది తీయించి కొత్త కడ్డీ కూడా వేయించారని ఊరంతా చెప్తోంది," అన్నాను.

"సూదా? ఏం సూది?"

అయస్కాంతాన్ని చూపించాను. కిరణానికి అంటుకుని వేలాడుతోంది. ఆయన వంగి చూశారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. ఆ ముఖంలో అప్పుడు కనిపించింది సిగ్గు కాదు, బాధ.

"అరెరే! అంటే ఇది పూర్తి ఒరిజినల్ కాదన్నమాట!" అన్నారు.

టీ కప్పు ఎత్తుకున్నదాన్ని దించేశాను. ఆ ఇంట్లో ఇత్తడి మెరుగుపెట్టే పాలిష్ వాసన ఎప్పుడూ ఉంటుంది. అప్పటిదాకా నాకది అన్నం పెట్టే వాసన. ఇప్పుడు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

వస్తువును అంతా చూడకుండా కింద పెట్టే అలవాటు నాకు లేదు. ఒళ్ళో బోర్లించి వెనక మూత తిప్పాను. ఇవి కీ ఇచ్చే గడియారాలు కావు. అరవైల్లో కొత్తగా వచ్చిన సెల్లు గడియారాలు. లావాటి సెల్లు ఒకటి పడుకునే గుంట, దాని కొనను తాకుతూ ఒక ఇత్తడి రేకు. ఆ రేకు నుంచే కరెంటు లోపలికి వెళ్తుంది. సెల్లు తీసేసి ఉంది, కలెక్షన్‌లో పెట్టే ఎవరైనా ముందు తీసేది అదే. ఉంచితే కారి లోపలంతా తినేస్తుంది.

రేకు కింద ఏదో ఉంది.

గోటితో లాగితే రాలేదు. పట్టుకారు పెట్టి లాగాను. సన్నగా కత్తిరించిన అట్టముక్క. గంధం రంగు అట్ట, అంచు మీద బంగారు గీత. మూల మీద పసుపు అద్దిన మరక. ఏళ్ళు గడిచినా పసుపు పసుపే.

యంత్రంలోకి దుమ్ము చేరుతుంది, పురుగు చేరుతుంది, తుప్పు చేరుతుంది. రేకుకీ సెల్లుకీ నడుమ కొలిచి కత్తిరించినట్టున్న అట్టముక్క దానంతటది చేరదు. కరెంటు దాటకుండా అడ్డం పెట్టాలనుకున్నవాళ్ళు పెడితేనే అక్కడ ఉంటుంది.

"సార్," అన్నాను. "ఈ గడియారం తనంతట తాను ఆగలేదు."

"అదేదో కార్డుముక్క. వాళ్ళింట్లోనే పడి ఉంటుంది. పిల్లలు దూర్చి ఉంటారు."

"యేసుదానం గారింట్లో పిల్లలు లేరు. ఉన్నా, వాళ్ళ శుభలేఖలకి పసుపు పెట్టరు. చర్చిలో అచ్చువేసిన కార్డుకి నాలుగు మూలలా పసుపు పూసి పంచేవాళ్ళని మీరెక్కడైనా చూశారా?"

నేను టీపాయ్ మీది స్టీలు గ్లాసులోంచి ఒక ముక్క తీసి, దీని పక్కన పెట్టాను. అదే వెడల్పు. కొన ఏటవాలుగా కత్తిరించడమూ అదే.

"చూడొచ్చా అమ్మా అని దించుంటారు. చూసి, పెట్టేసి, మళ్ళీ తగిలించుంటారు. నిండా జనం ఉన్న గదిలో. పక్కన పాటలు పాడుతుంటే," అన్నాను.

అప్పుడు తాయారమ్మ గారు నవ్వారు. పెద్దగా కాదు, ముక్కుతో. "పైవరసలో కోడిగుడ్డులా ఉన్నదాన్ని కూడా విప్పమ్మా సుభాషిణీ. అది మాకు తెలిసిన సునంద వాళ్ళ అత్తగారి ఇంటిది. వాళ్ళ మామగారు పోయిన పదోరోజున ఆగింది."

"తాయారూ! నువ్వు లోపలికి వెళ్ళు."

"బఠానీలు అవ్వలేదండీ."

స్టూలెక్కి దాన్నీ దించాను. విప్పాను. అందులోనూ ముక్క ఉంది. ఈసారి గులాబీ రంగు అట్ట, పసుపు పక్కన కుంకుమ. పక్కనున్నదాన్ని విప్పబోయి చెయ్యి ఆపేశాను. ఎంగిలి విస్తళ్ళు ఒక్కొక్కటే ఎత్తి కింద ఏముందో చూస్తున్నట్టు అనిపించింది. చేతులు చీర కొంగుకి తుడుచుకున్నాను. తుడిచినా ఏదో అంటుకునే ఉన్నట్టుంది.

నాగభూషణం గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, తిరిగి వచ్చారు. దబాయిస్తారని అనుకున్నాను. దబాయించి ఉంటే బాగుండేది. ఆయన మర్యాదగా, పాఠం చెప్తున్నట్టు మాట్లాడారు.

"నువ్వు ఆవేశపడుతున్నావు. ఆలోచించు. గడియారం ఇవ్వమని అడిగితే ఇస్తారా? ఇవ్వరు. గోడ మీద పాతికేళ్ళు చూడకుండా ఉంచుతారు, అడిగినరోజున అది ప్రాణంతో సమానం అంటారు. అదే గడియారం ఆగిపోతే? వాళ్ళే చేతికిస్తారు. నేనెవరి దగ్గరా లాక్కోలేదు. ఆగిందని కూడా నేనెప్పుడూ చెప్పలేదు. నేను టీ తాగుతూ కూర్చునేవాణ్ణి, అంతే. ఎవరో ఒకరు తలెత్తి చూసి, అయ్యో గడియారం ఆగిపోయిందే అనేవారు. ఇక అక్కణ్ణుంచి వాళ్ళే చెప్పుకునేవారు, ఆయనతోపాటే ఆగిందని. మీ సరళకుమారి చర్చిలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది తెలుసా?"

తెలుసు. నేనక్కడే ఉన్నాను. భర్త పరుగు ముగిసిందని దేవుడు గడియారం ఆపి తనకి చూపించాడని చెప్పింది. ఆ రోజు నుంచే తనకి నిద్ర పట్టిందని చెప్పింది. వెనక బెంచీల్లో నర్సులందరూ ఏడ్చారు.

"నేను వాళ్ళకి ఒక కథ ఇచ్చాను," అన్నారు నాగభూషణం గారు. "ఆ కథ పట్టుకునే వాళ్ళు లేచి నిలబడ్డారు. దాని ముందు ఈ చెక్కముక్క ఎంత? ఠీక్ హై, నన్ను దొంగ అను. ఆవిడ దగ్గరికి వెళ్ళి, నీ దేవుడు ఆపలేదు, నాగభూషణం ఆపాడు అని చెప్పగలవా? చెప్పు చూద్దాం."

చచ్చిన ఎలుక వాసన ఇంట్లో ఎక్కణ్ణుంచో వస్తుంది, ఎక్కడుందో దొరకదు. దొరికేదాకా తిండి సయించదు. ఈయన దాన్ని తోక పట్టుకుని తెచ్చి నా ఒళ్ళో వేశాడు. ఇప్పుడు పారెయ్యాల్సింది నేను.

నా లెక్కలు నేను వేసుకున్నాను, అబద్ధమెందుకు. ఈ బేరం ముగిస్తే దుకాణం సందులోంచి రోడ్డు మీదికి వస్తుంది. ముగించకపోతే నాగభూషణం గారి పరిచయాలతో వచ్చే ఇళ్ళన్నీ, ట్రాన్స్‌ఫర్ మీద సామాను అమ్ముకునే ఆఫీసర్ల ఇళ్ళన్నీ, నాకు తలుపు మూస్తాయి. ఒక పక్క అది. ఇంకో పక్క, హోటల్ లాబీలో సరళక్క సూర్యుడు, కింద చిన్న ఇత్తడి పలక మీద సేకరించినవారిగా నాగభూషణం గారి పేరు, లగేజీ పక్కన పెట్టుకుని దాంతో సెల్ఫీ తీసుకునే జనం. త్రాసు ఎటు మొగ్గుతుందో చూద్దామనుకున్నాను. కాని ఒక పళ్ళెంలో అశుద్ధం ఉన్నప్పుడు త్రాసును ముట్టుకోబుద్ధి కాదు.

సూర్యుణ్ణి నా శాలువాలో చుట్టాను. కిరణాలు వంగకుండా, లోపలి నుంచి బయటికి.

"ఏం చేస్తున్నావు?"

"రిపేరుకి తీసుకెళ్తున్నాను సార్. ఆగిన గడియారం ఇంట్లో ఉండకూడదు కదా. బాగుచేయించి తెస్తాను."

ఆయన ముఖం మొదటిసారి ఎర్రబడింది. "హోటల్ డీల్ ఉండదు."

"వద్దు."

"పోలీసులకి చెప్తాను."

"చెప్పండి. సూది సంగతి కూడా చెప్పండి, గుర్తుపట్టడానికి వీలుగా ఉంటుంది. వాళ్ళు వచ్చినప్పుడు మిగతావన్నీ నేనే విప్పి చూపిస్తాను."

తాయారమ్మ గారు చేట పక్కన పెట్టి నా చెప్పుల దగ్గరిదాకా దారి ఖాళీ చేశారు, అంతే. ఆయన వైపు చూడలేదు. తలుపు నేనే తీసుకున్నాను.

లిఫ్టు దగ్గర ఫోను మోగింది. సరళక్క.

"సుభాషిణీ, ఎక్కడున్నావు? వచ్చే ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక, మర్చిపోలేదు కదా? పాస్టర్ గారు గడియారం చర్చికి తెమ్మన్నారు. బల్ల మీద పెడదామంటున్నారు. నువ్వు చేత్తో పట్టుకుని జాగ్రత్తగా తేగలవని నిన్నే అడుగుతున్నా. పక్కింటి పిల్ల షెరిన్‌కి చెప్తే ఆంటీ, ఐ విల్ డ్రాప్ ఇట్ అంటోంది. అది డ్రాప్ అంటే ఎక్కడ పడేస్తుందోనని నాకు భయం."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. శాలువాలో ఆమె సూర్యుడు నా కడుపుకి గుచ్చుకుంటున్నాడు.

"తెస్తానక్కా," అన్నాను. ఏది తెస్తానో చెప్పలేదు.

ఫోను పెట్టేసేసరికి వెనక చెప్పుల చప్పుడు. తాయారమ్మ గారు. చేతిలో నా అయస్కాంతం. టీపాయ్ మీద మర్చిపోయి వచ్చాను. ఆవిడ దాన్ని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, కాసేపు అలాగే పట్టుకున్నారు.

"ఆయన పరామర్శకి వెళ్ళేటప్పుడు నన్నెప్పుడూ వెంట తీసుకెళ్ళేవారు కాదు," అన్నారు. "ఆడమనిషి పక్కనుండాలి కదండీ, నేనూ వస్తానంటే వద్దనేవారు. ఒక్కసారి మాత్రం ఒప్పుకున్నారు. దగ్గరి మనుషులు కదా అని. మీ ఇంటికి."

లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుంది. నేను ఎక్కలేదు.

మా హాల్లో ఒక గడియారం ఉంది. టేకుతో చేసిన నిలువు పలక, రెండే ముళ్ళు. పెళ్ళైన కొత్తలో మా ఆయన శేషగిరి తన మొదటి జీతంతో, దేశం వదిలి వెళ్తున్న ఎవరో దొరల ఇంట్లో కొన్నాడు. ఆయనతోపాటే అదీ ఆగిపోయింది. ఇంటికొచ్చిన బేరగాళ్ళు అడిగితే అమ్మేది కాదంటాను. ఢిల్లీలో గడియారాలన్నీ విప్పిన దాన్ని, దాని వెనక మూత మాత్రం తీసి చూడలేదు. తీస్తే ఆయన పోయిన గడియ పోతుందేమోనని. నాగభూషణం గారు రిపేరు చేయిస్తానని ఎన్నిసార్లు అడిగారో! వద్దు సార్, అది అలాగే ఉండాలి అన్న ప్రతిసారీ ఆయన కళ్ళలో కనిపించినదాన్ని నేను జాలి అనుకున్నాను.

"మీ ఇంట్లో గడియారం ఎప్పుడాగింది సుభాషిణీ?" అన్నారు తాయారమ్మ గారు. "శేషగిరి పోయిననాడా? మేం వచ్చిననాడా?"